నేలను చూసి తూటా

చిరంజీవి అల్లుడికి, కొలకలూరు నుంచి మావయ్య దీవెనలు.

నీ మెసేజ్ అందింది. డల్లాస్‌కి రెండు గంటల దూరంలో పొలం కొన్నావు, మేకలు పెట్టావు, గోంగూర, దోస వేశావు. సంతోషం. ఇప్పుడు నక్కల్లాంటి కయోటీలు మేకపిల్లల దొడ్డి చుట్టూ తిరుగుతున్నాయి, అడవిపందులు రాత్రికి రాత్రి మడులు తిరగేసి పోతున్నాయి, పొరుగాయనేమో పడమట ఉన్న తన రాంచ్‌లో ఉడుతజాతి ప్రెయిరీ డాగుల వేటకి రమ్మంటున్నాడు. తుపాకుల షాపులో .223 రైఫిల్ కొనమన్నారు, ఆఫీసులో స్నేహితుడు .22-250 అన్నాడు, పొరుగాయన .243 అన్నాడు. ఎవరి మాట వినాలో తేలక, సైన్యంలో ఆర్మరర్‌గా రైఫిళ్ళు విప్పి బిగించిన మావయ్య ఉన్నాడు కదా అని నన్నడిగావు.

చెబుతాను. అయితే నీ మెసేజ్‌లో మూడు క్యాలిబర్ల పేర్లున్నాయి గానీ, పొలానికి ఏ వైపున ఇళ్ళున్నాయో, రోడ్డు ఎటుందో, నేల పల్లమో మెరకో ఒక్క ముక్క లేదు. ఏ జంతువుని కొట్టాలని మాత్రమే ఆలోచించావు. అది తగలకపోతే తూటా ఎటు పోతుందన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. తగిలినా ఆ చిన్న ప్రాణిని దాటుకుని పోవచ్చు. కాబట్టి నా హితవు ఒక్కటే: ముందు నేలను చూడు, తర్వాతే తూటాను ఎంచుకో. మిగతాదంతా దీనికి వివరణే.

సైన్యంలో ఫైరింగ్ రేంజ్ కట్టాలంటే మొట్టమొదట చూసేది స్టాప్ బట్. టార్గెట్ల వెనక ఎత్తుగా పోసిన మట్టికట్ట అది. ఆ కట్ట సరిగ్గా లేకపోతే ఎంత పెద్ద అధికారి వచ్చి నిలబడినా ఒక్క రౌండు పేల్చరు. అందులో సీసం పేరుకుపోతే కొత్తగా వచ్చిన తూటా దానికి తగిలి పక్కకి ఎగురుతుంది. అందుకని అప్పుడప్పుడూ మట్టి తవ్వి జల్లెడ పడతారు. జల్లెడలో మిగిలినవి అరచేతిలో పోసుకుని చూశాను నేను. .22 సీసపు తూటాలు నలిగి చపటగా ఉండేవి. 7.62 తూటాలేమో ముక్కు కాస్త వంగి, రాగి తొడుగు మీద బ్యారెల్ గాడులు గీసిన గీతలు చెక్కుచెదరకుండా ఉండేవి. అంత వేగంతో పోయి మట్టిలో దిగబడ్డాక కూడా దాని రూపం దానికుంది. ఆ మట్టే అక్కడ లేకపోతే అది ఏ ఊళ్ళో ఆగేదో ఆలోచించు.

లెక్క కూడా చెబుతాను. అన్నిటికంటే చిన్నదనుకునే .22 లాంగ్ రైఫిల్ తూటాల పెట్టె మీదే మైలున్నర దాకా ప్రమాదమని హెచ్చరిక అచ్చువేస్తారు. .223 అయితే బ్యారెల్ పైకి లేచి ఉంటే రెండు మైళ్ళ దాకా పోగలదు. నువ్వు గురిపెట్టేది రెండు వందల గజాల్లో ఉన్న కయోటీకి. తూటాకి ఆ సంగతి తెలియదు.

అందుకే మన కొలకలూరులో ఎవరైనా ఇదే ప్రశ్న అడిగితే, ఏ క్యాలిబరూ వద్దంటాను. డెల్టా నేల బల్లపరుపు. కొండ లేదు, గుట్ట లేదు. ఎటు చూసినా చేలో మనిషి, కాలవగట్టు మీద మనిషి, గట్టు దిగితే ఇల్లు. పైగా మనకి పంట తినే శత్రువు రైఫిల్‌కి లొంగేది కాదు. ఎలుక, పందికొక్కు. వరి పొట్ట మీదున్నప్పుడు దుబ్బులు కొరుకుతాయి, కంకి గట్టిపడ్డాక కోసుకుపోయి కలుగులో దాచుకుంటాయి. వరి కోతలయ్యాక మినుములోకి దిగుతాయి.

యానాదులు ఎలక పట్టే పద్ధతి చిన్నప్పుడు సెలవుల్లో నువ్వు చూశావు, మరిచిపోయుంటావు. అడుగున చిల్లి పెట్టిన కుండలో ఎండుగడ్డి కుక్కి నిప్పు రాజేస్తారు. కుండ మూతిని కలుగు నోటికి ఆనించి, సందుల్లేకుండా చుట్టూ మట్టి మెత్తుతారు. తక్కిన కన్నాలన్నీ మూసేస్తారు. తర్వాత ఆ చిల్లి దగ్గర నోరుపెట్టి ఊదుతారు. పొగ లోపలికి పోతుంది, ఎలక బయటికి వస్తుంది, లేకపోతే తవ్వితే దొరుకుతుంది. ఊదే మనిషి కళ్ళల్లో, గొంతులో ఎంత పొగ పోతుందో పక్కన నిలబడితే తెలుస్తుంది. ఆ పనికి వాళ్ళకి మనం ఇచ్చే కూలి ఎప్పుడూ తక్కువే. కానీ ఆ నేలకి సరిపడిన ఆయుధం అదే. పక్క చేలో మనిషికి ప్రమాదం లేదు.

మందు పెట్టేవాళ్ళకీ ఒక క్రమం ఉంది. సాయంత్రం కన్నాలన్నీ మట్టితో మూస్తారు. తెల్లారేసరికి ఏవి తెరుచుకున్నాయో వాటిలోనే ఎలకలున్నట్టు. 96 పాళ్ళు నూకలు, రెండు పాళ్ళు నూనె, రెండు పాళ్ళు బ్రోమాడియోలోన్ మందు కలిపి, పదీ పదిహేను గ్రాముల పొట్లాలు కట్టి ఆ కన్నాల్లోనే వేస్తారు. ఊరంతా ఒకేసారి వేస్తేనే పని జరుగుతుంది. ఒక్కడు వేస్తే పక్క చేలో ఎలకలు వారంలో వచ్చి చేరతాయి. నీ మేకల దాణా షెడ్డులో ఎలకలున్నాయన్నావు కదా, అక్కడ బోన్లు పెట్టు, దాణాని మూతలున్న ఇనప డ్రమ్ముల్లో పొయ్యి. రేకుల షెడ్డులో రైఫిల్ పేల్చేవాడికి నేను తుపాకి గురించి సలహా చెప్పను.

మన చట్టం కూడా ఈ నేల సంగతి గుర్తుపెట్టుకునే రాశారు. 1959 ఆయుధాల చట్టం పదమూడో సెక్షన్ చూడు. పంట కాపలాకని నిజాయితీగా అడిగిన రైతుకి మజిల్ లోడర్‌కి లైసెన్సు ఇవ్వాలంటుంది, అంటే బ్యారెల్ మూతి నుంచి మందు కూరే తుపాకికి. అది చాలదనుకుంటే గాడులు లేని నున్నటి బ్యారెల్ తుపాకికి. పంట కాపలాకి రైఫిల్ మాటే అక్కడ లేదు. అలాంటి ట్వెల్వ్ బోర్ తుపాకిలోంచి వచ్చిన సన్నరవ్వలు రెండు మూడు వందల గజాల్లో నేలరాలతాయి. రైఫిల్ తూటా అలా రాలదు. చట్టం రాసినవాళ్ళకి దూరం విలువ తెలుసు.

ఇక అడవిపంది సంగతి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద దాన్ని మన దేశంలో మన ఇష్టానికి చంపకూడదు. పంటకి ప్రమాదమైందని తేలితే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, అధికారమిచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. లేకపోతే కేంద్రం ఒక ప్రాంతానికి, ఒక గడువుకి హానికర జంతువని ప్రకటించాలి. బీహార్‌లో నీల్‌గాయ్‌లను 2015 డిసెంబరులో అలాగే ప్రకటించారు. 2016 జూన్‌లో మొకామా వైపు వాటిని కాల్చడానికి హైదరాబాద్ నుంచి షూటర్లను రప్పించారు. దేశమంతా గొడవైంది. మన ఊళ్ళ వైపు కొందరు ఈ దారులన్నీ వదిలి, రాత్రిపూట చేను చుట్టూ కరెంటు తీగ చుడతారు. పందికన్నా ముందు దానికి మనుషులు తగులుతారు. అది వేటా కాదు, కాపలా కాదు, హత్య.

నీ దేశం వేరు, నీ చట్టం వేరు. టెక్సస్‌లో 2019 సెప్టెంబర్ 1 నుంచి ప్రైవేటు భూమిలో, యజమాని సమ్మతితో అడవిపందిని చంపడానికి వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. కానీ అది చదివి రెచ్చిపోకు. పదెకరాలు మించని ప్లాట్లున్న సబ్‌డివిజన్లలో తుపాకి పేల్చకుండా కౌంటీ కట్టడి చేయవచ్చు. నీ తూటా నీ సరిహద్దు దాటి పక్కవాడి భూమిలోకి పోతే, ఆయన రాతపూర్వక అనుమతి లేనప్పుడు, అది నేరం. చూశావా, అక్కడి చట్టం కూడా తిరిగి తిరిగి నేల దగ్గరికే వచ్చింది. కయోటీలకి, ప్రెయిరీ డాగులకి లైసెన్సు నియమాలు ఏమిటో గేమ్ వార్డెన్‌ని అడిగి తెలుసుకో. ఆ దేశంలో ఆయనకి ఫోన్ చేసి అడగడం తప్పు కాదు, అడగకపోవడం తప్పు.

ఇంకో మాట. నీకు గ్రీన్‌కార్డ్ వచ్చింది కాబట్టి కొనవచ్చు. నీ ఇంటికి ఆదివారాలు వచ్చే కుర్రాళ్ళు హెచ్-1బి మీద ఉన్నారు. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. సరదాకి ఒక్క రౌండు పేలుస్తానని చేతిలోకి తీసుకున్నా అది తీసుకున్నట్టే. తుపాకి నేరం మీద పడితే దేశం విడిచి వెళ్ళాల్సిరావచ్చు. తల్లిదండ్రులు పొలం కుదువపెట్టి పంపిన పిల్లల భవిష్యత్తు నీ పెరట్లో ఒక్క సరదాతో పోగొట్టకు. లైసెన్సు చూపించని వాడి చేతికి ఇవ్వకు, ఎంత దగ్గరివాడైనా సరే.

ఇక అసలు సంగతికి వద్దాం. ముందు ఈ అంకెల మాయ వదిలించుకో. .22 అంటే అంగుళంలో నూటికి ఇరవైరెండు పాళ్ళ లావు బ్యారెల్ రంధ్రం అని అనుకుంటారు. ఉరమరగా నిజమే. కానీ .223, .22-250 రెండింటి తూటాలూ ఒకే లావు, 5.7 మిల్లీమీటర్లు. మన సైన్యం ఇన్సాస్ రైఫిల్ తూటాది కూడా అదే లావు. తేడా అంతా తూటా వెనకున్న ఇత్తడి గొట్టంలో ఎంత మందు పడుతుందన్న దాంట్లో ఉంది. కాబట్టి అంకె చూసి పెద్దదీ చిన్నదీ అని తేల్చకు. తూటా బరువెంత, వేగమెంత, దాని దెబ్బ ఎంత దూరందాకా నమ్మకంగా పనిచేస్తుంది, ఈ మూడూ అడుగు. బరువు గ్రెయిన్లలో చెబుతారు. దాదాపు రెండు గ్రెయిన్లు మన కంసాలి గురిగింజ ఎత్తు.

మొదటిది .22 లాంగ్ రైఫిల్. 1887 నుంచీ ఉంది. నలభై గ్రెయిన్ల సీసం, అంటే సుమారు ఇరవైఒక్క గురిగింజల ఎత్తు, సెకనుకి సుమారు 1,200 అడుగుల వేగం. కుందేలుకీ, చెట్టు ఉడుతకీ డెబ్బైఐదు గజాల్లోపు బాగుంటుంది. చప్పుడు తక్కువ, భుజానికి తన్ను లేదు, తూటాలు చవక. దీని దోషం ఏమిటంటే మెత్తటి సీసం నిదానంగా వెళ్ళి నీళ్ళకో, రాయికో, బిరుసు నేలకో తగిలి పక్కకి ఎగరడం. చెరువు గట్టు దగ్గర దీన్ని పేల్చకు. యాభై గజాలకి గురి సరిచేసుకున్న .22, నూరు గజాలకి ఆరేడు అంగుళాలు కిందికి పడుతుంది. గంటకి పది మైళ్ళ గాలి అడ్డంగా వీస్తే నాలుగైదు అంగుళాలు పక్కకి పోతుంది. గురి అంటే ఏమిటో మనిషికి ఇదే నేర్పుతుంది, అందుకే అందరికీ మొదట ఇదే ఇవ్వాలి.

రెండోది .17 హెచ్‌ఎంఆర్. హోర్నడీ కంపెనీ 2002లో తెచ్చింది. పదిహేడు గ్రెయిన్లే, తొమ్మిది గురిగింజల ఎత్తు. వేగం మాత్రం సెకనుకి 2,550 అడుగులు. నూటయాభై గజాలదాకా గీత గీసినట్టు పోతుంది. సన్నని తొడుగు కాబట్టి తగిలినచోటే ముక్కలవుతుంది, నేలకి తగిలి ఎగిరే ప్రమాదం .22 కంటే తక్కువ. కానీ అంత తేలిక తూటాని గాలి ఆడిస్తుంది. నీ టెక్సస్‌లో గాలి లేని మధ్యాహ్నం అరుదని నువ్వే చెప్పావు. కయోటీకి ఇది చాలదు.

మూడోది .223 రెమింగ్టన్. 1964లో బజారుకి వచ్చింది, సైన్యం 5.56కి అన్నదమ్ము. 55 గ్రెయిన్ల తూటా, సుమారు ఇరవైతొమ్మిది గురిగింజల ఎత్తు, సెకనుకి 3,240 అడుగులు. రెండు వందల గజాలకి సరిచేసుకుంటే మూడు వందల దగ్గర ఏడెనిమిది అంగుళాలే పడుతుంది. అయితే పది మైళ్ళ అడ్డగాలి అక్కడికి దాన్ని అడుగుకి పైనే తోసేస్తుంది. తన్ను తక్కువ, తూటాలు ప్రతి ఊళ్ళో దొరుకుతాయి, అలవాటు చేసుకోవడానికి ఎక్కువ పేల్చగలవు. కయోటీకీ, ప్రెయిరీ డాగుకీ రెండింటికీ సరిపోతుంది.

నాలుగోది నీ స్నేహితుడు మెచ్చిన .22-250. అదే లావు తూటాని సెకనుకి 3,680 అడుగులతో తోస్తుంది. నాలుగు వందల గజాలదాకా చెయ్యి చాస్తుంది. 2004లో వచ్చిన .204 రూగర్ ఇంకా వేగం, 32 గ్రెయిన్ల తూటా 4,225 అడుగులు. వినడానికి బాగుంటుంది. కానీ అంత మందు అంత సన్నటి రంధ్రంలో మండితే బ్యారెల్ మొదలు వేడికి త్వరగా అరుగుతుంది. ప్రెయిరీ డాగుల వేటలో మనుషులు ఆపకుండా పేలుస్తారు, అక్కడే ఆ అరుగుదల ఎక్కువ. నాలుగు వందల గజాల అవతల జంతువు వెనక ఏముందో చూడగలిగే నేల నీ పొరుగాయన రాంచ్‌లో ఉండవచ్చు. నీకుందో లేదో నువ్వు చెప్పలేదు. లేకపోతే ఆ దూరం నీకెందుకు?

అయిదోది .243 వించెస్టర్. 1955లో వచ్చింది. .308 గొట్టం మెడ నొక్కి ఆరు మిల్లీమీటర్ల తూటా పెట్టారు. 58 నుంచి 100 గ్రెయిన్ల దాకా దొరుకుతాయి. గాలికి నిలబడుతుంది. కయోటీకి తేలిక తూటా, జింకకీ పందికీ బరువు తూటా, ఒకే రైఫిల్. మరి దోషమేమిటంటే, తప్పిపోయిన తూటా ఇంకా దూరం, ఇంకా బరువుతో పోతుంది. తన్ను ఎక్కువ కాబట్టి కొత్తవాడు ట్రిగ్గర్ నొక్కేముందే కళ్ళు మూస్తాడు. పందుల పనికే ఒక రైఫిల్ కావాలన్నప్పుడు దీని గురించి ఆలోచించు, అంతదాకా వద్దు.

కాబట్టి నీకు నా మాట: ముందు .22, ఆర్నెల్లు దానితోనే. ఆ తర్వాత .223, అదీ బోల్ట్ యాక్షన్. ఒక రౌండు పేల్చాక రెండోదానికి చెయ్యి కదపాల్సి వస్తుంది, ఆ క్షణంలో బుర్ర పనిచేస్తుంది.

కొనేటప్పుడు బ్యారెల్ ట్విస్ట్ అడుగు. లోపలి గాడులు ఎన్ని అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతాయన్నది అది. పన్నెండు అంగుళాలకి ఒకటైతే 55 గ్రెయిన్లదాకా తేలిక తూటాలకి బాగుంటుంది. ఏడుకి ఒకటైతే బరువు తూటాలకి. మరీ పలచటి తూటాని ఏడు ట్విస్టులో వేగంగా పంపితే గాల్లోనే చెదిరిపోవచ్చు. తొమ్మిదికి ఒకటి ఉన్నది తీసుకో, మధ్యే మార్గం. బ్యారెల్ మీద .223 అని చెక్కి ఉంటే 5.56 సైనిక తూటా అందులో పెట్టకు. రెండూ ఒకేలా కనబడతాయి, ఒకదాని స్థానంలో ఒకటి పడతాయి. కానీ చాంబర్ కొలతలు వేరు, ఒత్తిడి ప్రమాదకరంగా పెరగవచ్చు.

తూటా రకం క్యాలిబర్ అంత ముఖ్యం. పూర్తిగా రాగి తొడుగున్న సైనిక తూటా చిన్న జంతువులోంచి దూసుకుపోయి ఎక్కడో ఆగుతుంది, జంతువు ఇంకెక్కడో బాధపడి చస్తుంది. అది వద్దు. చిన్నవాటికి ప్లాస్టిక్ మొనతో, తగలగానే విచ్చుకుపోయేవి ఉంటాయి, అవి తీసుకో. అవి నేలకి తగిలినా చాలావరకు ముక్కలవుతాయి. చాలావరకు అన్నాను, పూర్తిగా అనలేదు. అదే తూటా పందికి పనికిరాదు. పంది భుజం మీద చర్మం దళసరి, తూటా పైనే పగిలి, గాయంతో అది పొదల్లోకి పారిపోతుంది. గాయపడిన జంతువుని వెతికి బాధ తీర్చే బాధ్యత పేల్చినవాడిది, చీకటైనా, వానైనా. చచ్చినదాన్ని పొలంలో వదిలేస్తే అందులో సీసపు తునకలు గద్దల, రాబందుల కడుపులోకి పోతాయి. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటలో సీసం తూటా పూర్తిగా నిషేధించారు. కాబట్టి చచ్చినదాన్ని పూడ్చిపెట్టు, లేకపోతే సీసం లేని తూటా వాడు. పందిని గ్లవ్స్ లేకుండా ముట్టకు, దాన్నుంచి మనుషులకి బ్రూసెల్లోసిస్ అంటుకుంటుంది.

ఇంత చెప్పాక కూడా, తుపాకికన్నా ముందు చేయాల్సిన పనులున్నాయి. కయోటీ ఎక్కువగా తినేది ఎలకలూ కుందేళ్ళూ. మేకపిల్ల దానికి సులువుగా దొరికితేనే అలవాటు పడుతుంది. సాయంత్రం కాగానే పిల్లల్ని, ఈనబోయే మేకల్ని గట్టి దొడ్డిలో పెట్టు. టెక్సస్‌లో మేకలవాళ్ళు గ్రేట్ పిరనీస్ కుక్కల్ని మందతోపాటే పెంచుతారు, ఒక మంచి కుక్క రాత్రంతా కాపలా కాస్తుంది. చచ్చిన మేకని పొలం మూలన పడెయ్యకు, కయోటీకి భోజనానికి పిలిచినట్టవుతుంది. పందుల్లో ఒకదాన్ని కాలిస్తే మిగతావి చెదిరిపోయి వేరే వేళకి వస్తాయి. మంద మొత్తం పట్టే పెద్ద బోను ఉంటుంది, కొన్నాళ్ళు మొక్కజొన్న వేసి అలవాటు చేసి, అన్నీ లోపలికి వచ్చాక తలుపు వదులుతారు. టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం వ్యవసాయ విస్తరణవాళ్ళు ఈ పని నేర్పుతారు, అడుగు.

ఇంటి సంగతి. 1971 సెప్టెంబర్ 2న, లేదా ఆ తర్వాత పుట్టినవాళ్ళందరిలాగే నువ్వూ టెక్సస్‌లో వేటకి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యాలి. నీ భార్యనీ కూర్చోబెట్టు, ఇంట్లో తుపాకి ఉన్నాక దాని గురించి ఇద్దరికీ తెలియాలి. రైఫిల్ సేఫ్‌లో, తూటాలు వేరే పెట్టెలో, తాళంచెవి చంటిదాని చేతికి అందనిచోట. రెండు రకాల చెవి రక్షణ పెట్టుకో, లోపల ప్లగ్గు, పైన మఫ్. రైఫిల్ చప్పుడుకి పోయిన వినికిడి తిరిగి రాదు. చచ్చిన కయోటీ పక్కన నిలబడి ఫోటో దిగి మన చుట్టాల గ్రూపులో పెట్టకు. నువ్వు చేసేది అవసరానికి, గొప్పకి కాదు. మీ అమ్మకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు, చెప్పాల్సింది నువ్వే.

ఇప్పుడొక పని చెయ్యి. ఈ వారంలో పొలమంతా కాలినడకన తిరుగు. తెల్లకాగితం మీద పటం గీయి. నాలుగు సరిహద్దులూ, ఇళ్ళూ, రోడ్డూ, చెరువూ, పొరుగువాళ్ళ పశువులు మేసే చోటూ గుర్తుపెట్టు. ఏ మూలన మెరకుందో, ఏ దిక్కున మట్టికట్ట వేయించుకోవచ్చో రాయి. ఏ దిక్కుకి పేల్చకూడదో ఎర్ర పెన్నుతో గీత గీయి. నాలుగు దిక్కులా ఎర్ర గీతలే మిగిలితే, పొలంలో బోనుతోనూ కుక్కతోనూ సరిపెట్టుకో, సరదాకి రేంజ్‌కి వెళ్ళు. ఒక్క దిక్కైనా మిగిలితే పటం ఫోటో తీసి నాకు పంపు, ఆ దిక్కుకి ఎంత దూరం కుదురుతుందో చూసి షాపుకి ఏ రోజు వెళ్ళాలో నేనే చెబుతాను.

ఇట్లు,
నీ మావయ్య